ఆదివారం రాత్రి రెండింటికి నడవని స్కాన్: ఇంటి కంప్యూటర్‌లో షెడ్యూల్ తిప్పలు, పర్మిషన్ తిప్పలు

వీడియో చూడడానికి సిగ్నల్ అందనివాళ్ల కోసం ఎప్పటిలాగే మాటలన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాం. మాది అమ్రాబాద్. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డులో మన్ననూరు దగ్గర తిరిగితే వచ్చే ఊరు. చుట్టూ నల్లమల. సిగ్నల్ ఉన్న మూల కోసం డాబా ఎక్కి ఫోన్ పైకెత్తి పట్టుకునే బాధ ఏందో నాకు బాగా తెలుసు. అందుకే ఈ రాత.

మీలో చాలామందికి ఫోనే కంప్యూటర్. "అన్నా, ఈ కంప్యూటర్ ముచ్చట మాకెందుకు?" అని కామెంట్ పెడతారని కూడా తెలుసు. ఆగండి. మీ ఇంట్లోనో, మామయ్య ఇంట్లోనో, ఊళ్లో జిరాక్స్ షాపులోనో ఒక పాత కంప్యూటర్ ఉంటుంది. మీ మెమోలు, సర్టిఫికెట్లు ఎప్పుడో ఒకప్పుడు అందులోకి పోతాయి. ఫోన్ నిండిపోతే ఫోటోలు కూడా అందులోనే పోస్తారు. దానికేమన్నా అయితే పోయేది మీ సామానే. పోయిన ఎండాకాలం మా ఇంట్లో జరిగింది అదే. నేను చేసిన తప్పు కూడా దాచకుండా చెప్తాను.

జూన్ నెల. మా చెల్లె డిగ్రీ అడ్మిషన్ టైమ్. గడువు ఇంకా మూడు రోజులుంది. ఇంటర్ మెమో, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఫోటో అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ప్రింట్లు తీయించుకోవడానికి బయటికి పోయింది. సాయంత్రం ఇంటికొచ్చి ఆ పెన్‌డ్రైవ్ మా కంప్యూటర్‌కు పెట్టింది. "అన్నా, నా ఫోల్డర్లన్నీ బాణం గుర్తులైపోయినయ్" అన్నది. పోయి చూస్తే నిజమే. ప్రతి ఫోల్డర్ పేరు మీదా చిన్న బాణం. అంటే అవి ఫోల్డర్లు కావు, షార్ట్‌కట్లు. అప్పటికే ఒకదాన్ని రెండుసార్లు నొక్కేసింది. కింద మూలకు డిఫెండర్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది, ప్రమాదకరమైంది దొరికింది అని.

ఈ పెన్‌డ్రైవ్ వైరస్ పని చేసే తీరు చాలా సింపుల్. అసలు ఫోల్డర్లను దాచిపెట్టి, వాటి పేర్లతోనే షార్ట్‌కట్లు పెడుతుంది. మీరు దాన్ని నొక్కితే రెండు పనులు ఒకేసారి అవుతాయి. మీ ఫోల్డర్ తెరుచుకుంటుంది, వెనకాల వైరస్ కూడా నడుస్తుంది. ఫోల్డర్ తెరుచుకుంది కదా అని మనకు అనుమానం రాదు. కాబట్టి బాణం గుర్తు కనిపిస్తే నొక్కకూడదు. ఇది మొదటి మాట.

నేను ధైర్యంగానే ఉన్నాను. ఎందుకంటే ప్రతి ఆదివారం రాత్రి రెండు గంటలకు స్కాన్ నడిచేటట్టు నేనే షెడ్యూల్ పెట్టాను. ఇంట్లో కంప్యూటర్ తెలిసినోడిని నేనే కదా! ఒకసారి చూద్దామని విండోస్ సెక్యూరిటీ తెరిచాను. చివరి స్కాన్ అనే చోట ఉన్న తేదీ చూసి నోరు ఎండిపోయింది. సంక్రాంతి సెలవుల నాటిది. నేను ఊరికొచ్చి చేత్తో నడిపిన స్కాన్ అది. ఆ తర్వాత అయిదు నెలలు ఏమీ లేదు.

అడవి పక్కన ఉండేవాళ్లకు ఒక పోలికతో చెప్తాను. మాది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. బీట్‌లో తిరిగే మనిషి ఉన్నాడు, రిజిస్టర్‌లో పేరు కూడా ఉంది. కానీ ఆయన అయిదు నెలల నుంచి అడవిలోకి అడుగే పెట్టలేదు, ఎవరూ అడగలేదు. మా స్కాన్ పరిస్థితి అట్లా ఉంది. షెడ్యూల్ పెట్టడం వేరు, అది నడవడం వేరు.

సరే, ఎందుకు నడవలేదు? ఒక్కొక్కటిగా చూద్దాం. మీరూ ఇదే వరుసలో చూసుకోండి.

మొదటి కారణం చెప్తే నవ్వుతారు. రాత్రి రెండింటికి మా ఇంట్లో కంప్యూటర్ ఆన్‌లోనే ఉండదు. మా నాయిన తొమ్మిదింటికి వార్తలు అయిపోగానే టీవీ, కంప్యూటర్ రెండింటి ప్లగ్గులూ పీకి పడుకుంటాడు. ఉరుములు మెరుపులు వస్తే కాలిపోతాయని భయం, అందులో తప్పేం లేదు. నేను హైదరాబాద్‌లో హాస్టల్‌లో కూర్చుని ఏదో వీడియోలో చూసి రెండింటికి పెట్టాను. ఆఫీసుల్లో కంప్యూటర్లు రాత్రంతా ఆన్‌లో ఉంటాయి కాబట్టి వాళ్లకు రెండు గంటలు మంచి టైమ్. మన ఇంటికి కాదు.

"మరి టైమ్‌కు కంప్యూటర్‌ను లేపు అనే ఆప్షన్ ఉంది కదా?" అంటారు. ఉంది. కానీ అది నిద్రలో ఉన్న కంప్యూటర్‌ను లేపుతుంది, షట్‌డౌన్ చేసిన దాన్ని కాదు. ప్లగ్గే పీకితే ఇక ఎవరు లేపుతారు? కాబట్టి మీ ఇంట్లో కంప్యూటర్ నిజంగా ఏ టైమ్‌లో ఆన్‌లో ఉంటుందో ఆ టైమ్‌ పెట్టండి. మా ఇంట్లో అది ఆదివారం సాయంత్రం ఏడున్నర.

టైమ్ మార్చాను. అయినా నడవలేదు. ఇక్కడ రెండో కారణం బయటపడింది.

స్టార్ట్ మెనూలో టాస్క్ షెడ్యూలర్ అని కొట్టి తెరవండి. మీరు పెట్టిన టాస్క్ పక్కన చివరిసారి నడిచిన టైమ్, దాని ఫలితం అని రెండు గడులు ఉంటాయి. చాలామంది ఈ ఫలితం గడిని చూడనే చూడరు. అక్కడ సున్నా ఉంటే పని సరిగ్గా అయిందని అర్థం. 41301 ఉంటే ఇప్పుడు నడుస్తోంది. 41303 ఉంటే ఇప్పటిదాకా ఒక్కసారి కూడా నడవలేదు. చివర 80070005 ఉంటే యాక్సెస్ డినైడ్, అంటే ఆ పని చేసే హక్కు ఆ అకౌంట్‌కు లేదు. 80070002 ఉంటే నడపమని చెప్పిన ఫైల్ ఆ చోట లేదు. 8007052ఈ ఉంటే పాస్‌వర్డ్ తప్పు.

నాకు వచ్చింది 8007052ఎఫ్. దీనర్థం, అకౌంట్ మీద ఏదో ఆంక్ష ఉంది. ఏం ఆంక్ష? మా ఇంటి కంప్యూటర్‌కు పాస్‌వర్డే లేదు. నాయినకు ఇబ్బంది అవుతుందని తీసేశాం. మీ ఇళ్లలో కూడా చాలావరకు అంతే. పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్న అకౌంట్‌తో ఎదురుగా కూర్చుని లాగిన్ కావచ్చు. కానీ మనిషి లేనప్పుడు ఆ అకౌంట్ పేరు మీద వెనకాల పని నడపడానికి విండోస్ ఒప్పుకోదు. తలుపుకు తాళం లేని ఇంటి పేరు చెప్పి ఎవరైనా లోపలికి రావచ్చు కదా, అందుకే ఆ జాగ్రత్త. నేను టాస్క్ పెట్టినప్పుడు యూజర్ లాగిన్ అయి ఉన్నా లేకపోయినా నడపాలి అనే ఆప్షన్ నొక్కాను. అక్కడ ఆగిపోయింది.

ఇంకో మాట. కొందరు పాస్‌వర్డ్ అడిగితే పిన్ కొడతారు. నాలుగు అంకెల పిన్ వేరు, అకౌంట్ పాస్‌వర్డ్ వేరు. టాస్క్ షెడ్యూలర్‌కు కావలసింది పాస్‌వర్డ్. అలాగే మీరు పాస్‌వర్డ్ మారిస్తే పాత టాస్క్ దగ్గర పాత పాస్‌వర్డే ఉండిపోతుంది. అప్పుడే ఆ 52ఈ వస్తుంది.

మరి ఏం చేయాలి? నేను తర్వాత తెలుసుకున్నది ఏంటంటే, అసలు సొంతంగా టాస్క్ తయారు చేయాల్సిన పనే లేదు. విండోస్‌తోపాటే ఒకటి వస్తుంది. టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీలో మైక్రోసాఫ్ట్, అందులో విండోస్, అందులో విండోస్ డిఫెండర్ అనే ఫోల్డర్‌కు పోండి. విండోస్ డిఫెండర్ షెడ్యూల్డ్ స్కాన్ అని ఉంటుంది. దాన్ని డబుల్ క్లిక్ చేసి ట్రిగ్గర్స్‌లో న్యూ నొక్కి మీ రోజు, మీ టైమ్ పెట్టండి. ఇది మీ పేరు మీద నడవదు, సిస్టమ్ అనే అకౌంట్ మీద నడుస్తుంది. దానికి పాస్‌వర్డ్ గొడవ లేదు, హక్కులు కూడా ఎక్కువ. నేను చేసిన సొంత టాస్క్ తీసేసి దీంట్లోనే టైమ్ పెట్టాను.

మూడోది, ఆ టాస్క్‌లోనే ఉన్న రెండు ట్యాబులు. సెట్టింగ్స్ ట్యాబ్‌లో టైమ్ తప్పిపోతే వీలైనంత తొందరగా నడపాలి అనే టిక్ ఉంటుంది. మన ఊళ్లల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి ఈ టిక్ తప్పకుండా పెట్టాలి. ఆదివారం ఏడున్నరకు కరెంటు లేకపోతే, మళ్లీ కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు అదే మొదలవుతుంది. కండిషన్స్ ట్యాబ్‌లో ఛార్జింగ్ పెట్టి ఉంటేనే నడపాలి అనే టిక్ ఉంటుంది. ల్యాప్‌టాప్ వాడేవాళ్లు ఇది చూసుకోండి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు స్కాన్ మొదలు కాకపోవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. కంప్యూటర్ ఖాళీగా ఉంటేనే నడపాలి అనే టిక్ కూడా అక్కడే ఉంటుంది. ఇంట్లో ఎవరో ఒకరు సినిమా చూస్తూ ఉంటే అది ఖాళీగా ఎప్పుడుంటుంది?

నాలుగోది, రెండు యాంటీవైరస్‌లు. ఇంకో కంపెనీ యాంటీవైరస్ వేసుకుంటే డిఫెండర్ తనంతట తాను పక్కకు జరుగుతుంది. అప్పుడు మీరు డిఫెండర్‌లో ఎంత షెడ్యూల్ పెట్టినా లాభం లేదు, ఆ కొత్తదాంట్లోనే పెట్టాలి. దాని ట్రయల్ ఎప్పుడో అయిపోయి, డబ్బులు కట్టమని రోజూ అడుగుతూ ఉంటే, అదే మనల్ని కాపాడుతోంది అనుకుని కూర్చోవద్దు. డబ్బులైనా కట్టండి, లేకపోతే పూర్తిగా తీసేయండి. తీసేశాక విండోస్ సెక్యూరిటీలోకి పోయి డిఫెండర్ మళ్లీ పనిలోకి వచ్చిందా లేదా చూసుకోండి.

అయిదోది, నడిచిందని నమ్మకం ఎట్లా? ఈవెంట్ వ్యూయర్ తెరవండి. అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, విండోస్ డిఫెండర్, ఆపరేషనల్. ఇది మన బీట్ రిజిస్టర్. 1000 నంబర్ ఉంటే స్కాన్ మొదలైంది. 1001 ఉంటే పూర్తయింది. 1002 ఉంటే మధ్యలో ఎవరో ఆపేశారు. 1005 ఉంటే ఫెయిలైంది. 5001 కనిపిస్తే రియల్ టైమ్ కాపలా ఆఫ్ అయిందని. ఇది మీరు చేయకపోతే ఎవరు చేశారో వెతకాలి. నెలకు ఒకసారి ఇది చూడడానికి రెండు నిమిషాలు చాలు.

ఇప్పటిదాకా షెడ్యూల్ ముచ్చట. ఇక పర్మిషన్ల ముచ్చటకు వద్దాం. నేను తప్పు చేసింది ఇక్కడే.

మా కంప్యూటర్‌లో రెండు హార్డ్ డిస్క్‌లు ఉన్నాయి. ఒకటి దాంతో వచ్చింది. రెండోది మా పాత కంప్యూటర్‌ది. అది చచ్చిపోతే డిస్క్ తీసి దీంట్లో పెట్టించాం. డి డ్రైవ్ అని కనిపిస్తుంది. అందులో పాత యూజర్ ఫోల్డర్ ఉంది. అందులో మా తాత మాటలు ఉన్నాయి. తాత పోయి ఆరేళ్లయింది. చివరి రోజుల్లో నేను ఫోన్‌లో అయిదు రికార్డింగులు చేసి ఆ పాత కంప్యూటర్‌లో వేశాను. సలేశ్వరం జాతరకు నడిచిపోయిన ముచ్చట్లు, ఫర్హాబాద్ వైపు కట్టెలకు పోయినప్పుడు పులి ఎదురైన కథ. ఫోన్ ఎప్పుడో మారింది. అవి ఉన్నది ఆ డిస్క్‌లో మాత్రమే.

వైరస్ డి డ్రైవ్‌లోకి పోయిందేమోనని ఆ ఫోల్డర్ తెరవబోయాను. ఈ ఫోల్డర్ తెరవడానికి మీకు పర్మిషన్ లేదు అని వచ్చింది. నా ఇంట్లో, నా కంప్యూటర్‌లో, నా తాత గొంతు వినడానికి నాకు పర్మిషన్ లేదట! కోపం వచ్చింది. భయం కూడా వేసింది. నేనే తెరవలేకపోతే స్కాన్ ఎట్లా తెరుస్తుంది, వైరస్ లోపల దాక్కుని ఉంటుంది కదా అనుకున్నాను.

అసలు ఈ మెసేజ్ ఎందుకొస్తుంది? మన దగ్గర భూమి పట్టా ఉంటుంది కదా. తాత పేరు మీద పట్టా ఉంది, తాత పోయాడు. భూమి మనదే అని ఊరందరికీ తెలుసు. అయినా విరాసత్ అయ్యేదాకా కాగితం మీద మన పేరు ఎక్కదు. విండోస్‌లో ప్రతి ఫైల్‌కు అట్లాంటి పట్టా ఉంటుంది. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతి ఇది. అందులో రెండు విషయాలు రాసి ఉంటాయి. ఒకటి, ఓనర్ ఎవరు. రెండు, ఎవరెవరు లోపలికి రావచ్చు, వచ్చి ఏమేం చేయవచ్చు. అయితే అది మన పేరు రాసుకోదు, నంబర్ రాసుకుంటుంది. పాత కంప్యూటర్‌లో నా అకౌంట్‌కు ఒక నంబర్, కొత్తదాంట్లో ఇంకో నంబర్. పేరు ఒకటే అయినా విండోస్ లెక్కలో ఇద్దరు వేరు వేరు మనుషులు. ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ చూస్తే ఎస్-1-5-21తో మొదలయ్యే పొడుగాటి నంబర్, దాని పక్కన గుర్తు తెలియని అకౌంట్ అని కనిపిస్తుంది. ఆ గుర్తు తెలియని మనిషిని నేనే, పాత కంప్యూటర్‌లోని నేను.

ఇప్పుడు అసలు పాయింట్ వినండి, నాకు ఆరోజు తెలియంది ఇదే. సిస్టమ్ అనే అకౌంట్‌కూ, అడ్మినిస్ట్రేటర్స్ అనే గ్రూప్‌కూ మాత్రం ప్రతి విండోస్ కంప్యూటర్‌లో ఒకటే నంబర్. పాత యూజర్ ఫోల్డర్ పట్టాలో మామూలుగా ఆ రెండు పేర్లూ ఉంటాయి. డిఫెండర్ నడిచేది సిస్టమ్ పేరు మీద. అంటే నన్ను గుమ్మం దగ్గర ఆపినా డిఫెండర్‌ను ఆపదు. మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గర రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మన బండ్లను అడవి దారిలోకి పోనివ్వరు. అంత మాత్రాన ఫారెస్ట్ వాళ్ల జీపు కూడా లోపలికి పోవడం లేదని కాదు కదా. నాకు వచ్చిన పర్మిషన్ ఎర్రర్‌కూ స్కాన్‌కూ సంబంధమే లేదు. రెండూ ఒకేరోజు వచ్చేసరికి నేను రెంటినీ కలిపేశాను.

కలిపేసి ఏం చేశానంటే, డి డ్రైవ్ మొత్తం మీద రైట్ క్లిక్ చేసి, ఎవ్రీవన్ అనే పేరుకు ఫుల్ కంట్రోల్ ఇచ్చి, లోపల ఉన్న అన్నింటికీ వర్తించాలి అని నొక్కాను. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఇదే చిట్కా కనిపిస్తుంది. లక్షల ఫైళ్లు, పాత డిస్క్. పది నిమిషాలైనా నడుస్తూనే ఉంది. అప్పుడే కరెంటు పోయింది.

మళ్లీ కరెంటు వచ్చి ఆన్ చేస్తే నల్ల తెర మీద డిస్క్ సరిచూస్తున్నానని అంకెలు తిరిగాయి. అరగంట. చెల్లె పక్కనే కూర్చుని ఉంది, ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ. చివరికి డెస్క్‌టాప్ వచ్చింది. సగం ఫోల్డర్లకు కొత్త పర్మిషన్లు, సగానికి పాతవి. తాత రికార్డింగులు అయిదింటిలో నాలుగే తెరుచుకున్నాయి. పులి కథది తెరుచుకోలేదు. కరెంటు పోయినందుకు అట్లా అయిందా, డిస్క్ పాతదై ముందే పాడైందా, నేను చెప్పలేను. కానీ ఆ ఒక్క ఫోల్డర్ తెరిచి, ముందు కాపీ తీసి, తర్వాత మిగతాది ఆలోచించి ఉంటే ఈ ప్రశ్నే ఉండేది కాదేమో.

కాబట్టి సరైన పద్ధతి చెప్తాను, రాసుకోండి. మీకు కావలసిన ఒక్క ఫోల్డర్ మీదే చేయండి, డ్రైవ్ మొత్తం మీద వద్దు. అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌తో లాగిన్ అయి ఆ ఫోల్డర్ నొక్కితే కంటిన్యూ అనే బటన్ వస్తుంది. చాలాసార్లు అది నొక్కితేనే సరిపోతుంది, మీ పేరు ఆ పట్టాలో చేరుతుంది. అది అప్పటికప్పుడు పోయే పర్మిషన్ కాదు, అట్లాగే ఉండిపోతుందని గుర్తుపెట్టుకోండి. దాంతో కాకపోతే ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి పోండి. పైన ఓనర్ పక్కన చేంజ్ నొక్కి మీ అకౌంట్ పేరు ఇవ్వండి. లోపలి ఫోల్డర్లకూ ఓనర్ మార్చాలి అనే టిక్ పెట్టండి. ఇది విరాసత్. తర్వాత మళ్లీ అదే చోటికి వచ్చి యాడ్ నొక్కి మీ పేరుకు చదివే హక్కు, అంటే రీడ్ ఇవ్వండి. కాపీ తీసుకోవడానికి రీడ్ చాలు, ఫుల్ కంట్రోల్ అక్కర్లేదు.

ఎవ్రీవన్‌కు ఎందుకు ఇవ్వకూడదు? ఎవ్రీవన్ అంటే అందరూ. చెల్లె అకౌంట్‌లోకి పెన్‌డ్రైవ్ వైరస్ ఎక్కిందనుకోండి, అది చెల్లెకున్న హక్కులతోనే నడుస్తుంది. చెల్లెకు నా ఫోల్డర్ చెరిపే హక్కు లేకపోతే వైరస్‌కూ లేదు. ఎవ్రీవన్ అని రాసిపెడితే ఆ గోడ మనమే కూల్చినట్టు. ఇంట్లోవాళ్లకు రోజూ వాడడానికి స్టాండర్డ్ అకౌంట్ ఇవ్వమని చెప్పేది కూడా అందుకే.

ఇంకా కొన్ని జాగ్రత్తలు. సి డ్రైవ్ మీద, విండోస్ ఫోల్డర్ మీద ఓనర్ మార్చే పని ఎప్పుడూ చేయవద్దు. చేస్తే చివరికి విండోస్ మళ్లీ వేసుకోవాల్సి రావచ్చు. సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే ఫోల్డర్ తెరుచుకోకపోతే అది తప్పు కాదు, అది అట్లాగే ఉండాలి. పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైల్‌ను స్కాన్ లోపలికి పోయి చూడలేదు, అదీ మామూలే. ఫైల్ మీద తాళం గుర్తు ఉంటే అది ఎన్‌క్రిప్ట్ అయిందని. దానికి ఓనర్ మార్చినా లాభం లేదు, పాత తాళంచెవే కావాలి. డాక్యుమెంట్స్‌లో ఏదైనా సేవ్ కాకుండా అడ్డు వస్తుంటే, డిఫెండర్‌లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్‌లో ఉందేమో చూడండి. అది పర్మిషన్ ఎర్రర్‌లా కనిపిస్తుంది, నిజానికి కాపలా.

పెన్‌డ్రైవ్‌లలో మాత్రం ఈ పర్మిషన్ల గొడవ మామూలుగా ఉండదు. అవి ఎక్కువగా ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉంటాయి. అక్కడ పట్టా లేదు, ఓనర్ లేడు. ఎవరైనా ఏమైనా రాయొచ్చు. వైరస్‌కు అవి ఇష్టమైన ఇల్లు కావడానికి అదొక కారణం.

మరి చెల్లె సర్టిఫికెట్లు? అవి ఎక్కడికీ పోలేదు, దాక్కున్నాయి అంతే. ముందు పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి స్కాన్ చేశాను. తర్వాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫోల్డర్ ఆప్షన్స్‌కు పోయి, దాచిన ఫైళ్లు చూపించు అని పెట్టి, సిస్టమ్ ఫైళ్లను దాచు అనే టిక్ తీశాను. అసలు ఫోల్డర్లు మసకగా కనిపించాయి. పీడీఎఫ్‌లు, ఫోటో మాత్రమే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకున్నాను. పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేశాను. ఆ టిక్ మళ్లీ పెట్టేశాను. ఈ వరుస తప్పవద్దు: ముందు స్కాన్, తర్వాత కాపీ, చివర ఫార్మాట్. భయంతో ముందే ఫార్మాట్ కొట్టి మెమోలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

ఆ రాత్రి ఫుల్ స్కాన్ పెట్టాను. నాయిన ప్లగ్గు పీకలేదు, ఆయన కూడా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పొద్దునకు అయింది. డి డ్రైవ్‌లో, నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఫ్రీగా వస్తుందని దింపిన క్రాక్ సాఫ్ట్‌వేర్‌లో రెండు దొరికాయి. బయటి పెన్‌డ్రైవ్‌ను తిట్టుకుంటూ ఉన్నాను కానీ, ఇంట్లో దొంగను కూర్చోబెట్టింది నేనే. తర్వాత ఆఫ్‌లైన్ స్కాన్ కూడా చేశాను. అది కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, విండోస్ పూర్తిగా లేవకముందే చూస్తుంది. పావుగంట పని. మొండి వైరస్‌లకు అది మంచిది. చెల్లె మరుసటి రోజు అప్లికేషన్ పూర్తి చేసింది, గడువుకు ఒక రోజు ముందు.

స్కాన్ ఒక్కటే సరిపోతుందా? సరిపోదు. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లను పట్టుకుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దానికి చిక్కినట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. అది దూరిన కంతను మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. రెండు నెలల ముందు! వేసుకున్నవాళ్లు బతికారు, తర్వాత వేసుకుందాం అన్నవాళ్లు దొరికారు. మీ ఇంట్లో విండోస్ 10 ఉంటే దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కంప్యూటర్ ఒప్పుకుంటే 11కు మారండి. లేకపోతే ముఖ్యమైన పనులు దాంట్లో చేయవద్దు.

ఇక ఫోన్ ముచ్చట. ఫోన్‌లో ఒక యాప్ ఇంకో యాప్ గదిలోకి తొంగి చూడలేదు, గోడలు గట్టివి. అందుకే దొంగ గోడ పగలగొట్టడు, మీతోనే తలుపు తీయిస్తాడు. వాట్సాప్‌లో చలాన్ అనో, స్కీమ్ డబ్బులనో ఒక ఏపీకే ఫైల్ పంపిస్తాడు. వేసుకోగానే మెసేజ్‌లు చదివే పర్మిషన్ అడుగుతాడు. మీరు అలవాటుగా ఓకే నొక్కుతారు. ఓటీపీలు వాడి చేతికి పోతాయి. కంప్యూటర్‌లో నేను ఎవ్రీవన్ అని రాసిన పనే అది. ప్లే స్టోర్‌లో మీ బొమ్మ నొక్కి ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందా, చివరి స్కాన్ ఎప్పుడైందో చూడండి, ఇప్పుడే. మన హైదరాబాద్ సీడాక్ వాళ్లు తయారు చేసిన ఎం-కవచ్ అనే ఉచిత యాప్ ఉంది. కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌లను అదుపు చేయడానికి యూఎస్‌బీ ప్రతిరోధ్ అని సీడాక్ వాళ్లదే ఇంకోటి ఉంది. ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్ ద్వారా వీటిని జనానికి అందిస్తున్నారు. ఒకవేళ డబ్బులు పోతే సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

చివరిగా ఒక్క మాట. మా ఇంట్లో ఇప్పుడు ఆదివారం ఏడున్నరకు స్కాన్ నడుస్తుంది. నేను హైదరాబాద్‌లోనే ఉంటాను, చెల్లె నెలకోసారి ఈవెంట్ వ్యూయర్ తెరిచి 1001 ఉందా లేదా చూసి నాకు ఫోటో పంపిస్తుంది. తాతవి ఆ నాలుగు రికార్డింగులు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి బయటి డిస్క్‌లో, ఒకటి చెల్లె ఫోన్‌లో. అయిదోది లేదు. ఆ పులి కథ నాయినకు సగం గుర్తుంది. మొన్న దసరాకు ఇంటికి పోయినప్పుడు ఆయనతో చెప్పించి రికార్డ్ చేశాను. తాత చెప్పినట్టు కాదు. అయినా ఉంది.

మీ ఇంట్లో అట్లాంటిది ఒకటే చోట ఉన్నది ఏమన్నా ఉంటే, ఈ రాత చదవడం ఆపి ముందు దాన్ని ఇంకో చోట కాపీ చేయండి. స్కాన్ సంగతి తర్వాత చూద్దాం. మీ కంప్యూటర్‌లో ఫలితం గడిలో ఏ నంబర్ వచ్చిందో కామెంట్‌లో రాయండి, తెలిసినంత వరకు చెప్తాను. ఉంటా మరి, జాగ్రత్త.